రద్దును రద్దు చేయాల్నా?

నాగర్‌కర్నూల్ నుంచి పెద్దనాయన ఫోన్. హైదరాబాద్‌లో పెళ్లి వాయిదా పడింది, బస్సు టికెట్ క్యాన్సిల్ చేయాలి. ఆయన అక్కడ, నేను వనపర్తిలో, మధ్యలో ఒక యాప్.

"ఏమడుగుతుంది పెద్దనాయనా?"

"'మీరు ఖచ్చితంగా రద్దు చేయాలనుకుంటున్నారా?' అంటుంది. కింద రెండు డబ్బాలున్నయి. ఒకదాంట్ల 'సరే', ఇంకోదాంట్ల 'రద్దు'."

నేను నోరు తెరిచేలోపే తీర్పు వచ్చేసింది. "మనం చేసేది రద్దే కదరా!" అని 'రద్దు' ఒత్తేశాడు. రద్దు చేయడం రద్దయింది. మర్నాడు బస్సు ఆయన సీటును ఖాళీగా, మర్యాదగా హైదరాబాద్ దాకా తీసుకుపోయింది. ఊళ్లో ఎన్నో పంచాయతీలు తెంపిన మనిషి, రెండు డబ్బాల పంచాయతీలో ఓడిపోయాడు.

తప్పు ఆయనది కాదు. ఇంగ్లిషు ప్రశ్నకు తెలుగు చొక్కా తొడిగి పంపినవాళ్లది. మనం ప్రశ్నలో ఉన్న పనితోనే జవాబు చెబుతాం. "తిన్నవా?" అంటే "తిన్న". "వస్తవా?" అంటే "వస్త". "తిన్నవా?" అని అడిగితే "సరే" అనేవాణ్ని దవాఖానకు తీసుకుపోతాం. ఇక కాదనడానికి మనకు కాదు, లేదు, వద్దు అని మూడు మాటలున్నాయి. యాప్‌కు వచ్చింది ఒక్క 'లేదు'. "ఫోటో తీసెయ్యాలా?" "లేదు." ఏది లేదు? ఫోటోనా, తీసెయ్యడమా? "మీకు ఆఫర్లు వద్దా?" అంటే మనవాడు "అవును" అంటాడు, వద్దనే. యాప్ మాత్రం 'అవును' ఒక్కటే విని రాత్రంతా ఆఫర్లు కురిపిస్తుంది. 'తీసెయ్', 'ఉండనీ' అని రెండు బటన్ల మీద రాస్తే ఎవరి సొమ్ము పోతుందో!

అసలీ 'ఓకే' బటన్‌కూ ఒక కథ ఉంది. 1980ల మొదట్లో ఆపిల్ వాళ్లు లీసా కంప్యూటర్ తయారుచేస్తూ బటన్ మీద 'డూ ఇట్' అని రాశారట. వాడి చూడమని పిలిస్తే వచ్చిన ఒకాయన రెండు మాటలూ కలిపి 'డోల్ట్' అని చదువుకున్నాడు. అంటే మొద్దు. నన్ను మొద్దంటారా అని ఆయన అలిగితే 'ఓకే' పెట్టారు. అప్పటి బటన్ మనిషిని మొద్దంది. ఇప్పటి బటన్ అనదు, చేసి చూపిస్తుంది.

పెద్దనాయనకు పోయింది టికెట్ డబ్బులే. 2018 జనవరి 13న హవాయి దీవుల్లో జనానికి పై ప్రాణాలు పైనే పోయాయి. క్షిపణి వస్తోందని ఫోన్లు మోగాయి. ఆ హెచ్చరిక పంపేముందు సాఫ్ట్‌వేర్ 'నిజంగా పంపాలా?' అని అడిగింది పాపం. కానీ ఉత్తుత్తి డ్రిల్లుకూ అదే ప్రశ్న, అసలు ముప్పుకూ అదే ప్రశ్న. ఉద్యోగి అవునన్నాడు. ఫోన్లలో 'తూచ్' అని చెప్పడానికి 38 నిమిషాలు పట్టింది.

వీళ్లంతా తెలియక అడిగినవాళ్లు. తెలిసి అడిగేవాళ్ల కోసం 2023 నవంబర్ 30న కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలు తెచ్చి, మనల్ని బోల్తా కొట్టించే 13 రకాల 'డార్క్ ప్యాటర్న్'లను నిషేధించింది. మెలిక ప్రశ్న అందులో ఒకటి. సిగ్గుపరిచి ఒప్పించడం ఇంకొకటి: విమానం టికెట్‌తో బీమా వద్దంటే 'నేను రక్షణ లేకుండానే ఉంటాను' అని మన వేలితోనే ఒప్పుకోలు రాయించుకోవడం. నిషేధం లేకుంటే 'నాకు పెళ్లాం పిల్లల మీద ప్రేమ లేదు, ముందుకు పో' అనే బటన్ కూడా వచ్చేదే.

మొన్న గద్వాల పోయాం. నూలు చీరకు పట్టు అంచు కలిపి నేసే ఊరు. అతుకు ఎట్లా కుదరాలో తెలిసిన ఊరు. ఒక కొట్లో మా ఆవిడ జాకెట్ గుడ్డ చూపించింది. కొట్టాయన కొలిచి, మడతపెట్టి, కత్తెర ఆనించి ఆగాడు.

"మీటరు కోస్తున్ననమ్మా. కోసినంక వాపస్ తీసుకోం. కోయాల్నా, ఉండనియ్యాల్నా?"

ఏం చేస్తాడో, చేస్తే ఏమవుతుందో, ఏం జవాబు చెప్పాలో అన్నీ అందులోనే ఉన్నాయి. "ఉండనీ" అంది మా ఆవిడ. కత్తెర ఆగింది. ఆయన మొహంలో ఏ నిందా లేదు. ఇంకో తాను విప్పాడు.

యాప్‌లు చేసేవాళ్లను ఈ కొట్లో ఒక నెల గుమస్తాలుగా పెట్టాలనుకుంటూ ఉండగా ఆయన బిల్లు కోసం ఫోన్ తీశాడు. తెర మీద ఏదో ప్రశ్న వచ్చింది. కత్తెర పట్టుకుని తడబడని మనిషి వేలు గాల్లోనే నిలిచిపోయింది.

"'సేవ్ చేయకుండా నిష్క్రమించకూడదనుకుంటున్నారా? అవును, కాదు' అంటుంది. ఏది ఒత్తాల్నో జర చూడుండ్రి సార్."