గాటు పడ్డ గుడ్లగూబ

గుడ్లగూబ బొమ్మ మీద గాటు పడ్డ ఈ వెండి నాణెం క్రీ.పూ. 5వ శతాబ్దపు ఏథెన్స్‌ది. పేరు టెట్రాడ్రాక్మ్, అంటే నాలుగు డ్రాక్మాల నాణెం. బరువు సుమారు 17.2 గ్రాములు. ఆ శతాబ్దం చివర్లో పనితనం తెలిసిన కార్మికుడి రోజుకూలి ఒక డ్రాక్మా. ఆ లెక్కన ఈ ఒక్క నాణెం నాలుగు రోజుల కష్టార్జితం.

దీని పుట్టిల్లు ఏథెన్స్‌కు ఆగ్నేయాన ఉన్న లారియాన్ గనులు. అక్కడ వెండి సీసంతో కలిసి దొరికేది. ఇరుకు సొరంగాల్లో దూరి దాన్ని తవ్వినవారు బానిసలు. కరిగిన లోహం మీదికి గాలి ఊదితే సీసం భస్మమై విడిపోయేది, వెండి మిగిలేది. క్రీ.పూ. 483లో గనుల్లో మేలైన కొత్త పొర బయటపడింది. ఆ సొమ్మును పౌరులకు పంచవద్దని, యుద్ధనౌకలు కట్టిద్దామని ఏథెన్స్ నాయకుడు థెమిస్టోక్లీస్ అందరినీ ఒప్పించాడు. మూడేళ్లకు సలమిస్ దీవి వద్ద ఆ నౌకల ముందు పర్షియా నౌకాదళం ఓడిపోయింది. ఆ గెలుపును తలచుకునేవారు గనుల్లోని బానిసలనూ తలచుకోవాలి.

నాణెం వేయడానికి కింది అచ్చును దాగలిలో బిగించి, దాని మీద వెండి బిళ్ళ పెట్టి, పై అచ్చు ఆనించి సమ్మెటతో కొట్టేవారు. బిళ్ళ కాస్త జరిగినా బొమ్మ అంచు తెగిపోయేది. జ్ఞానదేవత ఎథీనా శిరస్త్రాణం మీది కుచ్చు చాలా నాణేలపై సగమే కనిపించడానికి కారణం అదే. బొమ్మ వైపు ఆమె ముఖం పక్కకు తిరిగి ఉంటుంది, కన్ను మాత్రం ఎదురుగా చూస్తుంది. శిల్పకళ ఎంత మారినా నాణెంపై ఈ పాత పద్ధతి చాలాకాలం మారలేదు. బొరుసు వైపు గుడ్లగూబ, ఆలివ్ రెమ్మ, నెలవంక, ఊరి పేరులోని మూడు అక్షరాలు ఉంటాయి. తెలుగునాట అపశకునమనే పక్షి అక్కడ ఈ దేవతకు ప్రియమైనది.

క్రీ.పూ. 413లో ఏథెన్స్ శత్రువైన స్పార్టా సేన దగ్గర్లోని డెకెలియాలో తిష్ట వేశాక ఇరవై వేలకు పైగా బానిసలు పారిపోయారని చరిత్రకారుడు తుసిడిడీస్ రాశాడు. గనుల పని కుంటుపడి వెండికి కరువొచ్చి, స్పార్టాతో యుద్ధం చివర్లో ఏథెన్సే రాగిపై వెండి పూత పూసిన నాణేలు వేసింది. పూత నాణేల భయంతో వర్తకులు ఉలితో గాటు పెట్టి లోపలి లోహం చూసేవారు. ఈ గుడ్లగూబ వీపు మీది లోతైన గాటు అలాంటిదే. లోపలా వెండే ఉంది. క్రీ.పూ. 375 ప్రాంతంలో నికోఫాన్ ప్రతిపాదించిన చట్టం ఏథెన్స్ అంగడిలో ఒక పరీక్షకుణ్ణి కూర్చోబెట్టింది. అతను నకిలీని అక్కడికక్కడే నరికి, దేవతల తల్లికి సమర్పించేవాడు.

నేటి నాణేల సేకరణకర్తలు గాటున్న నాణేనికి తక్కువ ధర కడతారు. అది న్యాయం కాదు, ఆ గాటు చరిత్ర చేసిన సంతకం. పోత పోసి చేసిన నేటి నకిలీలను అంచున అతుకు గీత, పైన బుడగల గుంటలు చాలావరకు పట్టిస్తాయి. దొంగతవ్వకాల నష్టం మాత్రం పూడదు. ఏ నేలలో, ఏ నాణేలతో కలిసి దొరికిందో తెలియకపోతే నాణెం కథలో సగం పోయినట్టే. కొనేవారు మెరుపు చూసే ముందు, అది ఎవరి చేతుల మీదుగా వచ్చిందో తెలిపే కాగితాలు అడగాలి.