ఆదివారపు చిత్రాధికారి గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ, ప్రతి ఆదివారము మధ్యాహ్నము తెలుగువారి ఇండ్లలోనికి టీవీ ద్వారమున చలనచిత్రములను పంపుచుండు అధికారి గారి దివ్యసముఖమునకు, పెనుగొండ నుండి లేసు అల్లుకొను ఒక గృహిణి సవినయముగా చేసికొను విజ్ఞాపనము.

అయ్యా! వారమెల్ల తెర క్రింద అక్షరములు పరుగెత్తించి, నడుమ నడుమ ఘటోత్కచుని నవ్వు వినిపించి, ఆదివారము రెండు గంటలకు ‘మాయాబజార్’ అని తాము చాటింపగా, ఆ మాట నమ్మి, పెందలకడనే వంట ముగించి, ఇంటిల్లిపాదికిని వడ్డించి, దారపుండను ఒడిలో నుంచుకొని, మా చెల్లెలి మనుమరాలి బారసాలకు కానుకగా అల్లుచున్న ఉయ్యాల తెరకు అంచు వేయ కూర్చున్న నాకు, శశిరేఖకు మారుగా గిరగిర తిరుగుచు గాలిలోనికి లేచు కార్లును, వానిని చూచియు రెప్ప వాల్పని ఒక కథానాయకుడును ప్రత్యక్షమైనారు. కారణము చెప్పలేదు, క్షమాపణ అంతకన్నను లేదు. ఇదేం పద్ధతండీ? పూతరేకులని పిలిచి చేతిలో ఉత్త కాగితం పెడతారా?

కోపము వచ్చినది, మన్నింపుడు. విషయమునకు వచ్చెదను. లేసు అల్లువారికి కన్నులు సూదికి అంకితములు. తీరికగా నుండునవి చెవులే. ఒక్క కొక్కెపు సూది, ఒక్క దారము, ముడి ముడికిని లెక్క. లెక్క తప్పెనా, ఆ వరుస విప్పవలసినదే. కావున మాకు వలసినది చెవితో చూడదగిన చిత్రము. 1957లో కె.వి. రెడ్డి గారు తీసిన ఆ చిత్రమును మేము తల యెత్తకయే చూడగలము: పింగళి నాగేంద్రరావు గారి మాట చెవిన బడినంతనే పలికినవారెవరో, ఏ కొలువులో నిలిచి పలికిరో తెలియును, ఘంటసాల గారి వాద్యము మారినంతనే దృశ్యము మారినదని తెలియును, శశిరేఖ రూపము దాల్చిన ఘటోత్కచుడై సావిత్రి గారు ఠీవిగా అడుగులు వేయు ఘట్టమున మాత్రము సూది ఆపి తల యెత్తుదుము. తమరు పంపిన చిత్రమో, తల దించినను అర్థము కాదు, ఎత్తినను అర్థము కాదు. మాట యుండవలసిన చోటనెల్ల చప్పుడే. ప్రేలుడు ప్రేలుడుకును సూది జారును. నాయకుడెంతటివాడో పరులు పొగడుటకు మొదటి గంట చెల్లినది. రెండవ గంట ఆయనే పొగడుకొనెను. పోనీ అని చానెల్ మారిస్తే అక్కడా ఆయనేనండీ, చొక్కా మారింది, అంతే!

మాది అల్లికల సీమ. పందొమ్మిదవ శతాబ్దమున మిషనరీలు నేర్పిన ఈ పని, నరసాపురము, పాలకొల్లు చుట్టుప్రక్కల వాకిళ్ళలో తరతరములుగా నిలిచినది. మరియా మీస్ అను జర్మను పండితురాలు 1982లో ఈ పని చేయు ఆడువారిని గూర్చి ఒక గ్రంథమునే ప్రకటించి, విదేశపు అంగళ్ళకు సరకు పంపు శ్రమను ఇల్లాండ్ర తీరిక వేళ కాలక్షేపమని పేరిడి కూలి కోయు విధమును బయలుపరచినది. 2024లో నరసాపురము క్రోషే లేసునకు భౌగోళిక గుర్తింపు లభించినది. కూలి సంగతి మాత్రం అడక్కండి. సినిమా యన్నను మేమెరుగనిది కాదు: అల్లు రామలింగయ్య గారిది పాలకొల్లు, దాసరి నారాయణరావు గారిది పాలకొల్లు, కృష్ణంరాజు గారిది మొగల్తూరు. క్రోషే అల్లికను అచ్చముగా అల్లగల యంత్రము నేటికిని పుట్టలేదు. తమరు పంపిన చిత్రమును అల్లిన యంత్రము మాత్రము ఎక్కడనో పుట్టినట్లే యున్నది.

వ్రాయ కూర్చున్నాను గనుక తక్కినవియు మనవి చేసెదను. పాత చిత్రము వేసిన నాడైనను నౌకావిహారపు పాట పల్లవి దాటకమునుపే సబ్బు అమ్ముటకు వచ్చెదరు. ఆ సబ్బు గొంతు చిత్రపు గొంతుకన్న రెండింతలుండును. తెర అడుగున పరుగెత్తు వార్తలు నటుల గడ్డములను మ్రింగుచున్నవి. రాత్రి సీరియల్‌లోని అత్తగారు తలుపు తెరచుటకు ఒక వారము పట్టుచున్నది. దారము ధర పెరిగినది. దీనికి తమరు బాధ్యులు కారు. అయినను ఎవరికో ఒకరికి చెప్పుకోవాలి కదండీ!

ఇక వ్యంగ్యము చాలును. బారసాల పై వారం. అంచు సగంలో ఉంది. మధ్యలో ఆదివారం ఒక్కటే ఉంది. బాబ్బాబు, ఆ రోజు మాయాబజార్ వేయండి. అది దొరకకపోతే మిస్సమ్మ వేయండి, గుండమ్మ కథ వేయండి, మనుషులు మాట్లాడుకునే సినిమా ఏదైనా వేయండి. ఏది వేసినా ముందు చెప్పిందే వేయండి. వేయలేకపోతే ఆ మాటైనా ముందుగా చెప్పండి.

ఇట్లు,
పెనుగొండ నుండి ఒక లేసు పనిమంతురాలు