మూడు ఈకలు, మూడు గజాల తోక

బకింగ్‌హామ్ ప్యాలెస్‌లో రాజుగారి దర్శనం చేసుకున్న ఒక కలవారింటి ఇల్లాలి ఫోటో, ఏడవ ఎడ్వర్డు కాలం నాటిది, ఫోనులో కనబడితే మా పెద్దమ్మకు చూపించాను. బట్టల విషయంలో మా ఊరు కాకుమానులో ఆమె తీర్పుకు అప్పీలు లేదు. ఫోను చెయ్యంత దూరాన పెట్టుకుని ఒక్కటే అంది.

“ఏందిరా అబ్బాయ్, జాకెట్టుకేమో చేతుల్లేవు, చేతులకేమో మోచెయ్యి దాటి గ్లౌజులా? ఆ గుడ్డేదో పైన కుట్టించుకోవచ్చుగా!”

ఫోటోలో ఆవిడ తప్పేం లేదు, అది అప్పటి రూలు. దర్బారుకు వెళ్లే స్త్రీకి మెడ దిగిన జాకెట్టు, పొట్టి చేతులు తప్పనిసరి. ముసలితనమో జబ్బో వచ్చి, చలికి ఓర్చుకోలేక మెడ దాకా కప్పుకుంటానంటే ముందుగా కొలువు వ్యవహారాలు చూసే లార్డ్ చాంబర్లేన్ ద్వారా అర్జీ పెట్టుకుని అనుమతి తెచ్చుకోవాలి. ఒళ్లు కప్పుకోవడానికి సర్కారు అనుమతి అన్నమాట!

నెత్తిన మూడు తెల్లటి నిప్పుకోడి ఈకలు, నడిమిది కాస్త ఎత్తుగా. అది వేల్స్ యువరాజు చిహ్నం. వెనక పల్చటి మేలిముసుగు. భుజాల నుంచి మూడు గజాల తోక. వరసలో నిలబడ్డంతసేపూ దాన్ని మడిచి ఎడమ చేతి మీద మోయాలి. రాజుగారి గది గుమ్మంలో సేవకులు కర్రలతో దాన్ని నేల మీద పరుస్తారు. లోపల రాజుగారికోసారి, రాణిగారికోసారి మోకాళ్లు వంచి దండం. ఆ తర్వాతే అసలు పరీక్ష: వాళ్లకు వీపు చూపకుండా, తోక కాళ్లకు చుట్టుకోకుండా వెనక్కి నడిచి బయటపడాలి. తర్వాతి రోజుల్లో లండన్‌లో మిస్ వకానీ అనే ఆవిడ తన డాన్సు బడిలో ఇలాంటి విద్యలు నేర్పింది. మా నల్లరేగడిలో వానాకాలం రెండడుగులు ముందుకు వేస్తేనే చెప్పులు నేలలో ఉండిపోతాయి. వకానీ గారు ఇక్కడ బడి పెట్టి ఉంటే ఫీజులు వాపసు ఇవ్వాల్సి వచ్చేది.

ఇంత తతంగమూ రాజుగారి ముందు కొన్ని క్షణాల్లో ముగిసేది. ఒళ్లంతా వజ్రాలు, మూడు గజాల పట్టు, నెలల సాధన – చూసినవాళ్లు ఇద్దరే, వాళ్లకూ ఆ రాత్రి వందలమందిలో ఈమె ఒకతె. అందుకే ఫోటో కావాల్సివచ్చింది. కొందరు ఆ వేషం విప్పకుండా తిన్నగా స్టూడియోకే వెళ్లేవాళ్లు. న్యూ బాండ్ స్ట్రీట్‌లో లఫాయెట్ స్టూడియో ఈ పనికి పేరుమోసింది. పేరు చూసి ఫ్రెంచివాడనుకునేరు, ఆయన డబ్లిన్ మనిషి, అసలు పేరు జేమ్స్ స్టాక్ లాడర్. బోర్డు మీద విదేశీ పేరుంటే ఫోటోలో మనిషి తెల్లబడతాడన్న సూత్రం అక్కడా ఉందన్నమాట.

మన దగ్గర ఈ ముచ్చట తీర్చుకోవడానికి రాజుగారి దాకా పోనక్కర్లేదు. 1892లోనే ఫోటోగ్రాఫరు రాజా దీన్ దయాళ్ హైదరాబాద్‌లో ఘోషా స్త్రీల కోసం విడిగా స్టూడియో పెట్టించి, లోపల కెమెరా పనికి ఒక ఇంగ్లీషు ఆవిడను నియమించాడు. ఇక కాకుమాను సంగతి చెప్పేదేముంది? ఓణీల ఫంక్షను చాలు. అక్కడ పిల్లను రాజుగారికి చూపించాలంటే అంతకుముందు దర్శనమైన స్త్రీ ఎవరైనా వెంటబెట్టుకుని వెళ్లాలి. ఇక్కడ మేనమామ ఓణీ పట్టుకొస్తే చాలు. అక్కడ పిల్ల ప్యాలెస్ బయట బండిలో గంటల తరబడి కూర్చుంటే, జనం అద్దాల్లోంచి తొంగిచూసి నగల మీద వ్యాఖ్యానించేవాళ్లు. ఇక్కడ జనం ముందు వరస కుర్చీల్లో కూర్చుని అదే పని చేస్తారు.

అన్ని దర్శనాలూ రూలు ప్రకారం జరగలేదులెండి. 1914 జూన్‌లో మేరీ బ్లోమ్‌ఫీల్డ్ అనే పిల్ల ఐదవ జార్జి ముందు మోకరిల్లి, ఓటు హక్కు కోసం జైలుకెళ్లిన స్త్రీలను హింసించొద్దని గట్టిగా అడిగేసింది. ఆమెను మర్యాదగా బయటికి నడిపించారు. పెద్దమ్మకు ఆ మొత్తం దర్బారులో నచ్చింది ఆ పిల్ల ఒక్కతే.

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత తోకను మడమ దాటి 18 అంగుళాలకు కుదించారు. 1922 మొదట్లో మా పక్కనే పెదనందిపాడు ఫిర్కా రైతులు పర్వతనేని వీరయ్య చౌదరి గారి వెంట నిలబడి శిస్తు కట్టం పొమ్మన్నారు. ఆ తోక కత్తిరించింది మనమేనని మా పెదనాన్న వాదన. తారీఖుల్లో కాస్త తేడా ఉన్నా, ఊళ్ల గౌరవం దృష్ట్యా నేనూ ఎదురు చెప్పలేదు.

1958లో ఎలిజబెత్ రాణి ఈ దర్శనాలను ఆపేసింది. రాణి ఒక్కతే కాబట్టి ఒక్క మాటతో పోయింది. మా దగ్గర ఓణీల ఫంక్షను ఆపాలంటే ముందు మేనమామలు ఒప్పుకోవాలి, తర్వాత షామియానావాళ్లు, వంటవాళ్లు, ఫ్లెక్సీలవాళ్లు, డ్రోన్ కెమెరావాళ్లు. వీళ్లందరూ ఒప్పుకున్నా, పోయినేడు వేరేవాళ్ల పిల్లకు మనం చదివించిన కట్నం తిరిగి ఎట్లా రాబట్టాలో మా పెద్దమ్మకు చెప్పాలి. బ్రిటిష్ సామ్రాజ్యానికి ఆ చిక్కు లేదు.