‘కే’ సూత్రానికి గండికోట టీక

మూలం: పైటెస్ట్ –కే గండికోట

టీక: పైటెస్ట్ = పైథాన్ ప్రోగ్రాములను పరీక్షించు ఓ పైటెస్టూ!; –కే = పేరులో ఈ తునక గలవాటిని ఏరి; గండికోట = గండికోట అను పరీక్షను; నడుపుము అని క్రియ అధ్యాహారం.

తాత్పర్యం: ఊరి పేరిస్తే మండలం చెప్పే ప్రోగ్రాము ఉందనుకోండి. గండికోట అంటే జమ్మలమడుగు అని రావాలి. వందల ఊళ్ల పరీక్షల్లో ఈ ఒక్కటే తప్పితే, దాన్ని సరిచేసేవాడు ప్రతిసారీ అన్నిటినీ నడపడం దండగ. ఒక్కదాన్నే పిలవాలి, పిలవడానికి పేరుండాలి. పూర్వపక్షి ఇక్కడే లేస్తాడు: వరుస సంఖ్య చాలదా, పొట్టిగా ఉంటుంది, రెండిటికి ఒకటే రాదు కదా అని. సమాధానం కడపలోనే ఉంది. అక్కడ బంగళా కొని పండితులను కూర్చోబెట్టిన సి.పి. బ్రౌన్ 1829లో అచ్చు వేసిన వేమన పద్యాలు 693. 1839 కూర్పుకు 1164 అయ్యాయి. మొదటిదాని సంఖ్య పట్టుకుని రెండోదానిలో వెతికితే అదే పద్యం దొరుకుతుందన్న భరోసా లేదు. మనం పద్యాన్ని ఎత్తుగడతో పట్టుకునేది అందుకే. పైటెస్ట్‌కు వస్తువుల పట్టిక ఇచ్చి పేర్లు చెప్పకపోతే అదీ ఊరు0, ఊరు1 అని అంకెలే తగిలిస్తుంది. మధ్యలో మైలవరాన్ని చేర్చామా, నిన్నటి ఊరు7 ఇవాళ ఊరు8. నిన్న తప్పిందెవరో ఇక తేలదు.

పోనీ, ‘గండి’ అని పొట్టిగా పిలిస్తే? ఇది మరీ ప్రమాదం. –కే పేరంతా కలవాలని పట్టుబట్టదు, తునక దొరికితే చాలు. ఇంగ్లీషు అక్షరాల్లో గండి అని కొడితే గండికోటతో పాటు పాపఘ్ని ఒడ్డున వీరాంజనేయుడి గండి, హైదరాబాదు గండిపేట కూడా వచ్చి నిలబడతాయి. ‘అండ్ నాట్’ అంటూ ఒక్కోదాన్నీ తోసేయవచ్చు గానీ, కొత్త ఊరు చేరినప్పుడల్లా మినహాయింపుల చిట్టా పెరుగుతుంది. పాపం, ఆ గండి ఒక్కటే కావాలంటే ఫైలు పేరు నుంచి బ్రాకెట్లో ఊరి దాకా పూర్తి చిరునామా రాయక తప్పదు.

అసలు ఇంగ్లీషు అక్షరాలెందుకు, తెలుగులోనే రాద్దామనే పూర్వపక్షం న్యాయమైనదే. పైథాన్ 3 తెలుగు పేర్లను ఒప్పుకుంటుంది కూడా. చిక్కు పట్టికలోని విలువల నుంచి పుట్టే పేర్లతో. వాటిలోని ప్రతి తెలుగు సంకేతాన్నీ పైటెస్ట్ ఆరు ఇంగ్లీషు గుర్తులుగా మార్చేస్తుంది. సున్న, గుడి, ఓత్వంతో కలిపి గండికోట యూనికోడ్‌లో 7 సంకేతాలు. అంటే 42 గుర్తుల తోక. గండికోటను ముట్టడించిన మీర్ జుమ్లాకు కోట దొరికింది గానీ, తెలుగులో వెతికే ఇంజనీరుకు ఈ పరీక్ష దొరకదు. ఈ మార్పిడిని ఆపే సెట్టింగు ఒకటుంది. దాని పేరే పదకొండు ఇంగ్లీషు మాటలు: పరీక్ష పేర్ల మార్పిడి ఆపు, తోటివారి సాయం కోరే హక్కులన్నీ వదులుకో అని వాటి అర్థం. పొడుగు పేర్లు పనికిరావనే చివరి పూర్వపక్షికి ఇదే జవాబు. ఏం జరుగుతుందో, ఏం పోతుందో రెండూ చెప్పేసిన ఈ పేరుకు టీక అక్కర్లేదు.