మూడ్ వచ్చాక నడుద్దాం

పళ్ళు తోముకోవడానికి మోటివేషన్ కావాలని ఇంతవరకూ ఎవరూ అనగా వినలేదు. నిద్రమొహంతో, విసుక్కుంటూ, ఎవర్నో తిట్టుకుంటూ అయినా సరే తోమేసుకుంటాం. తోముకున్నాక మనసు పరవశించిందా లేదా అని ఎవరూ వాకబు చెయ్యరు. పరవశించలేదని మర్నాడు మానెయ్యం కూడా.

అదేం చిత్రమో, అరగంట నడవాలనేసరికి మాత్రం మనిషికి ముందు స్ఫూర్తి కావాలి. స్ఫూర్తికో వీడియో. అందులో నల్ల టీషర్టు ఆయనొకడు, వెనకాల పిడుగులు పడుతున్నంత సంగీతం పెట్టుకుని, "నీలో సింహం నిద్రపోతోంది, లేపు!" అని గర్జిస్తాడు. రాత్రి పదకొండున్నరకు దుప్పట్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఈ మాట విన్న సింహం వెంటనే ఇంకో వీడియో నొక్కుతుంది. ఒంటిగంట దాకా ఉత్సాహం పొంగి పొర్లుతుంది. పొద్దున ఐదింటికి అలారం మోగితే దాన్ని ఒక్క పంజాదెబ్బతో నోరు మూయించి, అటు తిరిగి పడుకుంటుంది.

ఒళ్ళు కదలాలంటే ముందు మనసు ఉప్పొంగాలన్న ఈ సిద్ధాంతం ఒట్టి బూటకం. ఎవరు కనిపెట్టారో గానీ, ఒకే దెబ్బకు బద్ధకస్తుడికీ వ్యాపారికీ మేలు చేసి పెట్టారు. ఒకడికి మానెయ్యడానికి సాకు దొరికింది, ఇంకొకడికి అమ్ముకోవడానికి సరుకు దొరికింది.

సాకుకు మన దగ్గర ఏడాది పొడుగునా ముహూర్తాలే. జనవరి ఒకటిన మొదలెడదామంటే ముందురాత్రి నిద్ర లేదు. రెండో తారీఖుకల్లా ఇంట్లో అరిసెల పాకం వాసన. పండగ వెళ్ళాక చూద్దాం. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు, కాకికి లేని తొందర మనకెందుకు? మాఘంలో పెళ్ళిళ్ళు. సరే, ఉగాదికి శ్రీకారం చుడదామని కూచుంటే టీవీలో పంచాంగ శ్రవణం. మీరెప్పుడైనా గమనించారో లేదో, రాశిఫలాల్లో 'శారీరక శ్రమ' ఎప్పుడూ చెడు ఫలితాల పద్దులోనే ఉంటుంది, ధననష్టానికీ బంధువిరోధానికీ మధ్యన. గ్రహాలే వద్దంటుంటే పార్కుకెలా వెళ్తాం? తర్వాత రోహిణీ కార్తె, రోళ్ళు పగిలే ఎండ. తెల్లవారుజామున చల్లగానే ఉంటుంది కానీ రాత్రంతా కరెంటు లేదు. వానల్లో జారిపడతాం. ఆషాఢంలో కొత్తపని మొదలెట్టకూడదు. శ్రావణంలో పూర్ణాలు, చవితికి ఉండ్రాళ్ళు, బతుకమ్మకు సద్దులు, దీపావళికి ఆఫీసు వాళ్ళిచ్చిన మిఠాయి డబ్బాలు, కార్తీకంలో వనభోజనాలు. ధనుర్మాసం నెలంతా మాత్రం తెల్లారకముందే లేస్తారు. కట్టెపొంగలి కోసం గుడికి. అదీ బండి మీద. ఇంతలో డిసెంబరు ఆఖరు. కొత్త సంవత్సరం ఎలాగూ వస్తోందిగా! ఈ మధ్యలో ఎక్కడైనా ఖాళీ రోజు మిగిలితే అది మంగళవారం అయి ఉంటుంది.

జిమ్ముల వాళ్ళు ఈ పంచాంగాన్ని మనకంటే బాగా చదివారు. డిసెంబరు చివరివారం కౌంటరు దగ్గర ఇలా ఉంటుంది.

"మీ గోల్ ఏంటి సార్?"

"పొట్ట తగ్గాలి బాబూ."

"అది రిజల్ట్ సార్. మీ 'వై' ఏంటి?"

"వై అంటే?"

"అంటే... లోపల్నుంచి మిమ్మల్ని నడిపించేది."

పెద్దమనిషి లోపలికి కాసేపు చూసుకుని, "షూ లేసులు కట్టుకుంటుంటే ఊపిరాడ్డం లేదు" అంటాడు.

"సూపర్ సార్! నెలకైతే రెండు వేలు. ఏడాదికి కట్టేస్తే తొమ్మిదే. టీషర్టు ఫ్రీ. ఆఫర్ ఇవాళ్టి వరకే."

ఏడాది ఫీజుకంటే లేసుల్లేని బూట్లు చవకని ఆయనకు చెప్పేవాళ్ళు పక్కన ఉండరు. అమెరికాలో స్టెఫానో డెల్లావిన్యా, ఉల్రికె మాల్మెండియర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు మూడు జిమ్ముల చిట్టాలు తీసి 2006లో ఒక పరిశోధనా వ్యాసం రాశారు. నెలకు 70 డాలర్లకు పైగా కడుతున్న సభ్యులు సగటున నెలలో నాలుగుసార్లకు కాస్త ఎక్కువ వెళ్ళారు. అంటే వెళ్ళిన ఒక్కోసారికి 17 డాలర్లు పడింది. పదిసార్లకు పనికొచ్చే పాసు కొనుక్కుంటే ఒక్కోసారికి పదే డాలర్లు! ఆ వ్యాసానికి వాళ్ళు పెట్టిన పేరే 'జిమ్ముకు వెళ్ళకుండా ఉండటానికి డబ్బు కట్టడం'. డబ్బు కడితే మోటివేషన్ దానంతటదే వస్తుందని మనలాగే ఆ సభ్యులూ నమ్మారు. డబ్బు కట్టినవాళ్ళంతా ఒకే పూట వచ్చేస్తే ట్రెడ్‌మిల్లు మీద నిలబడటానికి చోటుండదు. కాబట్టి రాని సభ్యుడే జిమ్ముకు మహారాజ పోషకుడు. గోడమీద కండలవీరుడి పటం బదులు ఆయన ఫొటో పెట్టి దండ వెయ్యడం న్యాయం.

వ్యాపారి అమ్మే సరుకులో అంకెలు కూడా ఉంటాయి. అంకె ఉంటే శాస్త్రమని మన నమ్మకం. రోజుకు పదివేల అడుగులన్నది ఏ వైద్యశాస్త్రం నుంచీ రాలేదు. టోక్యో ఒలింపిక్స్ అయిన మరుసటి ఏడు, 1965లో, జపాన్‌లో యమాసా అనే కంపెనీ అడుగులు లెక్కపెట్టే పరికరం అమ్ముతూ దానికి 'పదివేల అడుగుల మీటరు' అని పేరు పెట్టింది. పలకడానికి గుండ్రంగా ఉంది, జనం పట్టుకున్నారు. అరవై ఏళ్ళుగా ఆ ప్రకటన మన కాళ్ళకు చుట్టుకుని ఉంది. 2019లో అమెరికాలో సగటున 72 ఏళ్ళ వయసున్న ఆడవాళ్ళ మీద చేసిన అధ్యయనంలో, రోజుకు 4,400 అడుగులు వేసేవాళ్ళకే మరణాల రేటు బాగా తగ్గింది. 7,500 దాటాక ఇంకా నడిచినా అదనంగా ఒరిగింది కనబడలేదు. ఈ మాట మా వీధి వాకింగ్ గ్రూపులో చెబితే పరువు తక్కువ. అక్కడ పదివేలు దాటనివాడు మనిషి కింద లెక్క కాదు. అందుకే ఒక పెద్దాయన ఫోన్‌ని మనవడి ఉయ్యాల్లో పెట్టి ఊపుతున్నారు. మనవడు నిద్రపోతాడు, తాతగారికి గ్రూపులో చప్పట్ల బొమ్మలు పడతాయి.

ఇరవై ఒక్క రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుందన్న సూక్తి కూడా ఇలాంటిదే. మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాసిన పుస్తకంలో, ఆపరేషన్ తర్వాత రోగికి తన కొత్త మొహం అలవాటు కావడానికి కనీసం ఓ 21 రోజులు పడుతుందన్నాడు. ఆ 'కనీసం' దారిలో ఎక్కడో జారిపోయింది. ముక్కు సంగతి మోకాళ్ళకు అతికించి కోర్సులు అమ్ముతున్నారు. లండన్‌లో 96 మందిని పెట్టి నిజంగా లెక్క చూస్తే అలవాటు కుదరడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18, కొందరికి 254 పట్టే లెక్క. మంచినీళ్ళు తాగడం తొందరగా పట్టుబడింది, వ్యాయామం ఆలస్యమైంది. మధ్యలో ఒకరోజు మానేసినా కొంప మునగలేదట. ఈ చివరి ముక్క ఒక్కటీ చాలు, ఇరవై రెండోరోజు కూడా మంచం దిగబుద్ధి కాక తన జన్మే వృథా అనుకునే అమాయకుణ్ణి కాపాడటానికి. కానీ దీన్ని ఎవరూ కోర్సుగా అమ్మరు. ఊరట అమ్మితే కొన్నవాడు మళ్ళీ రాడుగా.

ఇక ఆనందం. ఈమధ్య ఊరికే నడిస్తే సరిపోవడం లేదు, ఆనందంగా నడవాలి. పార్కులో ఆరుంపావుకు చెట్టుకింద గుండ్రంగా నిలబడతారు. విజిల్ మెళ్ళో వేసుకున్న నాయకుడు "వన్, టూ, త్రీ" అనగానే అందరూ చేతులు పైకెత్తి హహ్హహ్హా అని నవ్వాలి. మంకీ క్యాప్ పెట్టుకున్న ఓ రిటైర్డు ఉద్యోగి ఆకాశం కేసి చూస్తూ అదరగొట్టేలా నవ్వుతాడు. విజిల్ పడగానే మొహం ఠక్కున మూతపడుతుంది. పక్కాయన వైపు తిరిగి, "ఆ, ఏమన్నాను... డీఏ బకాయిలు..." అంటూ ఆపిన చోటు నుంచే అందుకుంటాడు. మళ్ళీ విజిల్. మళ్ళీ హహ్హహ్హా.

ఈ నవ్వుల క్లబ్బులు 1995లో ముంబైలో మదన్ కటారియా అనే డాక్టరు ఐదుగురితో మొదలెట్టినవి. మొదట్లో జోకులు చెప్పుకుని నవ్వేవారు. కొద్దిరోజులకే స్టాకు అయిపోయింది. దాంతో జోకు లేకుండానే నవ్వే పద్ధతి పుట్టింది. పొద్దున్నే నలుగురూ ఒకచోట చేరి డీఏ గురించి మాట్లాడుకోవడం ఆరోగ్యానికి మంచిదే. నాకు పేచీ ఎక్కడంటే, నవ్వనివాణ్ణి అక్కడ దొంగను చూసినట్టు చూస్తారు. ఏదో తక్కువైనవాడన్నట్టు 'పాజిటివ్‌గా ఉండండి సార్' అని వీపు చరుస్తారు. అద్దం ముందు నిలబడి 'నేను అద్భుతం' అని రోజూ చెప్పుకోమనే సలహా కూడా ఈ బాపతే. 2009లో కెనడా పరిశోధకులు పరీక్షించి చూస్తే, తమమీద తమకు నమ్మకం తక్కువున్నవాళ్ళు ఇలాంటి మాటలు వల్లెవేసి ఇంకాస్త దిగాలుపడ్డారు. అద్దంలో ఉన్నవాడు నమ్మడు మరి.

ఇక్కడ వెటకారం కాసేపు పక్కన పెడతాను. నడక, యోగా, బరువులెత్తడం కుంగుబాటును తగ్గిస్తాయన్నది నిజం. 218 అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణను 2024లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించింది. అయితే కుంగుబాటు జబ్బుగా ఉన్న మనిషిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి గానీ, 'కాస్త హుషారుగా ఉండరాదూ' అనడం క్రూరత్వం. పైగా ఆ జబ్బుకు చేసే చికిత్సల్లో ఒకటి మన మోటివేషన్ వీరుల సిద్ధాంతానికి నేరుగా ఎదురు. మూడ్ వచ్చేదాకా ఆగమనరు. చిన్నపని ఒకటి పెట్టుకుని, మనసు ఎలా ఉన్నా చెయ్యమంటారు. హుషారు వస్తే వెనకాల వస్తుంది, రాకపోయినా ఆ పూటకి పని అయింది.

ఐదింటికి లేచేవాళ్ళే విజేతలవుతారని పుస్తకాలు చెబుతున్నాయి. పార్కు గేటు బయట చీపురు పట్టిన మున్సిపాలిటీ అమ్మ నాలుగున్నరకే వచ్చేసింది. ఆ లెక్కన ఈపాటికి జూబ్లీహిల్స్‌లో సగం ఆవిడ పేర రిజిస్ట్రేషన్ అయి ఉండాలి. ఇక ఒళ్ళు కదలనివాళ్ళ సంగతి. మన దేశంలో పెద్దవాళ్ళలో దాదాపు సగం మందికి చాలినంత శారీరక శ్రమ లేదని 2022 నాటి లెక్కలతో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. మగవాళ్ళలో 42 శాతం అయితే ఆడవాళ్ళలో 57 శాతం. వెంటనే 'మహిళలకు అవగాహన లేదు' అని ఒక సదస్సు పెడతాం. పొద్దున టిఫిను, నాలుగు బాక్సులు, పిల్లల బస్సు, ఆపైన తన ఉద్యోగం. వీటి మధ్య ఇల్లాలికి అరగంట ఎక్కడ దొరుకుతుందో ఏ వక్తా చెప్పడు. తెల్లవారుజామున చీకట్లో ఒంటరిగా రోడ్డెక్కితే ఎవడు వెంటపడతాడోనన్న భయం. వాడు లేకపోతే వీధికుక్కలు. మంచం మీంచే భర్తగారు ఆవిడకు ఓ వీడియో ఫార్వర్డ్ చేస్తాడు: 'విల్‌పవర్ ఉంటే సాధ్యం కానిది లేదు.'

2025 జూన్ 21న విశాఖ తీరంలో 3 లక్షల మందికి పైగా యోగా చేస్తే గిన్నిస్ రికార్డు వచ్చింది. సంతోషం. జూన్ 22న ఎంతమంది చాప పరిచారో గిన్నిస్ వాళ్ళు లెక్కపెట్టలేదు.

ఆ మాటకొస్తే తెలుగునాట నడకకు సిసలైన మోటివేషన్ ఉన్నది నాయకులకే. 2003లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి చేవెళ్ళ నుంచి ఇచ్ఛాపురం దాకా దాదాపు 1,500 కిలోమీటర్లు నడిచారు, మరుసటి ఏడే ముఖ్యమంత్రి అయ్యారు. చంద్రబాబు నాయుడు అరవై దాటాక సుమారు 2,800 కిలోమీటర్లు నడిచి 2014లో అయ్యారు. జగన్మోహన్ రెడ్డి 3,648 కిలోమీటర్లు నడిచి 2019లో అయ్యారు. ఏ మోటివేషన్ గురువుకీ ఇంత గ్యారంటీ ఫలితాలు లేవు. ఒక్కటే అనుమానం. ఇన్నివేల కిలోమీటర్లు నడిచినవాళ్ళు ఏలిన చోట నడిచేవాడికి ఫుట్‌పాత్ ఎందుకు లేదు? వాళ్ళకు అవసరం పడలేదు. బండ్లు ఆపించి నడిరోడ్డు మీద నడిచారు.

మనం నడిచేది పక్కన. పక్కనంటే ముందు ట్రాన్స్‌ఫార్మరు, దాన్ని ఆనుకుని మిర్చిబజ్జీల బండి, ఆ తర్వాత పలక లేచిపోయిన మోరీ, మోరీ దాటితే షోరూమువాడి ర్యాంపు, ర్యాంపు మీద బుల్లెట్టు. అందుకే పార్కులో నాలుగు రౌండ్లు నడవడానికి జనం ఇంటి నుంచి కార్లో వస్తారు. ఆ కార్లు ఉన్న కాస్త ఫుట్‌పాత్‌నీ మింగి కూచుంటాయి. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయిన 1,68,491 మందిలో 32 వేల పైచిలుకు పాదచారులే. ఇది చదివి కూడా పొద్దున్నే రోడ్డు మీద నడిచేవాడికి మోటివేషన్ క్లాసు పీకడం ఏమిటి? వాడే మనకు చెప్పాలి.

మీ వార్డులో ఈసారి ఓటడగడానికి వచ్చే అభ్యర్థి ఎలాగూ నడిచే వస్తాడు. ఆపండి. మీ వీధి మొగ నుంచి పార్కు గేటు దాకా ఫుట్‌పాత్ ఎప్పటికి వేయిస్తాడో అడిగి, ఆ తారీఖు కాగితం మీద రాయించుకోండి.