పసివాడి కొలతకు పుట్టాను

నా పేరు కార్పెడియం. అప్పుడే పుట్టిన బిడ్డకు కిడ్నీలు పనిచేయకపోతే వాటి పని భుజాన వేసుకునే డయాలిసిస్ యంత్రాన్ని. నా పుట్టిల్లు ఇటలీలోని విచెంజా. అక్కడి శాన్ బోర్తోలో ఆసుపత్రిలో పనిచేసిన కిడ్నీ వైద్యుడు క్లాడియో రోంకో, ఆయన బృందం నాకు రూపమిచ్చారు. లాభం పెద్దగా కనబడని పనికి విరాళాలు ఊపిరి పోశాయి.

నేను రాకముందు ఐసీయూల్లో పెద్దల యంత్రాలనే పసివాళ్లకూ సర్ది వాడేవాళ్లు. మూడు కిలోల బిడ్డ ఒంట్లో ఉన్న రక్తమంతా కలిపితే సుమారు పావు లీటరు. పెద్దల యంత్రంలో గొట్టాలు, ఫిల్టరు నిండడానికే దాదాపు 100 మిల్లీలీటర్లు కావాలి. అంత రక్తం బయట తిరుగుతుంటే ఆ చిన్ని గుండె ఎలా తట్టుకుంటుంది? ఒంట్లోంచి లాగే నీటిలో పెద్దవాళ్లకు లెక్కలోకి రాని తేడా కూడా పసివాడి బీపీని పడగొట్టేస్తుంది.

గొట్టాలు, ఫిల్టరు కలిసిన నా అతిచిన్న సెట్టు నిండడానికి 30 మిల్లీలీటర్లు కూడా అక్కర్లేదు. సన్నని కాథెటర్ గొట్టం గుండా రక్తాన్ని మెల్లగా తీసుకుంటాను, ఫిల్టర్‌లో మలినాలనూ మిగులు నీటినీ వేరుచేసి మళ్లీ ఒంట్లోకి పంపిస్తాను. రాత్రీ పగలూ ఆపకుండా ఇదే పని. కాథెటర్ కాలి దగ్గర ఉంటే, బిడ్డ కాలు కాస్త కదిపినా అది మడత పడొచ్చు. వెంటనే అలారం మోగిస్తాను. నర్సు వచ్చి ఆ చిట్టి కాలు సరిచేసి, మడత విప్పేదాకా ఊరుకోను. రక్తం నిలిచిపోతే ఫిల్టర్‌లో గడ్డకడుతుంది మరి.

2013లో నా దగ్గరికి వచ్చిన మొదటి బిడ్డ బరువు 2.9 కిలోలు. రక్తస్రావంతో షాక్‌లోకి వెళ్లి, అవయవాలు ఒక్కొక్కటే మొరాయించి, ఒళ్లంతా నీరు పట్టి ఉంది. 400 గంటలకు పైగా ఆ బిడ్డకు తోడున్నాను. చివరికి డయాలిసిస్ అవసరం లేకుండానే ఆ బిడ్డ ఇంటికి వెళ్లింది. కిడ్నీల్లో కొద్దిపాటి బలహీనత మిగిలింది కాబట్టి డాక్టర్లు కనిపెట్టుకుని ఉండాల్సి వచ్చింది. 2020లో అమెరికా ఎఫ్‌డీఏ కూడా 2.5 నుంచి 10 కిలోల పిల్లలకు నన్ను వాడేందుకు అనుమతించింది.

మందు మోతాదు పిల్లవాడి బరువు చూసే ఇస్తారు. యంత్రాన్నీ అలాగే చేయాలి. ఇలాంటి బిడ్డలు కొద్దిమందే కదా అని వదిలేస్తే, ఆ కొద్దిమంది ప్రాణానికి పూచీ ఎవరిది?