నేను ఆగలేదు

విమానమో హెలికాప్టరో కూలిందని వార్త వస్తే చాలు, టీ కొట్టు దగ్గర మొదటి మాట "ఇంజిన్ ఫెయిలై ఉంటుంది". ఇంకా ఎవరూ విప్పి చూడకముందే మాకు శిక్ష పడిపోతుంది. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి హెలికాప్టర్ జాడ లేదన్నప్పుడు కూడా తీర్పు అలాగే వచ్చింది. ఆ హెలికాప్టర్ నెత్తిన ఉన్న రెండు ఇంజిన్లలో నేనొకదాన్ని. తమ్ముడి తరఫున కూడా నేనే మాట్లాడుతున్నాను.

పుట్టుక గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏం లేదు. అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో తయారయ్యాను. మా వంశంలో 30 వేలకు పైగా ఇంజిన్లున్నాయి కాబట్టి ఎక్కడికెళ్లినా చుట్టాలే. మమ్మల్ని బిగించుకున్న బెల్ 430కి మాత్రం ఒక గొప్ప ఉంది. 1996లో ఆ రకం హెలికాప్టర్ ఒకటి 17 రోజుల్లో భూగోళాన్ని చుట్టొచ్చి రికార్డు కొట్టింది. దాన్ని మోసింది మావాళ్లే మరి.

నాకు దక్కింది హైదరాబాద్‌లోని బేగంపేట విమానాశ్రయం. పేరుకు రాచకొలువు, తినేది దుమ్ము. ఏ ఊళ్లోనో స్కూలు మైదానంలో సున్నంతో ఒక వలయం, మధ్యలో ‘హెచ్’ అక్షరం గీస్తారు. నీళ్లు కొట్టించామంటారు. కొట్టించింది ఒక్క ట్యాంకరు. మేం కిందికి దిగేసరికి ఎర్రమట్టి సుడి తిరిగి సగం నా నోట్లోకే వస్తుంది. ఇసుకకు కంప్రెసర్ బ్లేడ్ల అంచులు ఎలా అరుగుతాయో దండలు పట్టుకుని తోసుకొచ్చేవాళ్లకు ఏం పట్టింది? సాయంత్రం మెకానిక్ నన్ను నీళ్లతో కడిగేవాడు. అయస్కాంతపు ప్లగ్గు ఊడదీసి, కొనకు ఇనుప రజను అంటిందేమోనని వెలుగులో తిప్పి చూసి, గుడ్డతో తుడిచి మళ్లీ బిగించేవాడు. నా బాగోగులు పట్టించుకున్నది ఆయనొక్కడే. ప్రభుత్వానికి కొత్త అగస్టా హెలికాప్టర్ వచ్చాక మాది రెండో పీట అయింది.

ఆ బుధవారం ఉదయం 8 గంటల 38 నిమిషాలకు బేగంపేటలో లేచాం. చిత్తూరు జిల్లాలో రచ్చబండ కార్యక్రమం మొదలుపెట్టడానికి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి బయలుదేరారు. ఆయనతో పాటు కార్యదర్శి, భద్రతాధికారి, ఇద్దరు పైలట్లు. ముందు నల్లమల అడవి, దాని మీద నిలువెత్తున లేచిన వానమబ్బులు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. రెండు ఇంజిన్లంటే రెండు ప్రాణాలని జనానికి ధీమా. మేమిద్దరం ఒకే కాడికి కట్టిన ఎద్దులం. తిప్పేది ఒకే గేర్‌బాక్సు, ఒకే రోటరు. ఒకటి కూలబడితే రెండోది ఇంటికి చేర్చగలదు. కాడి విరిగితే ఇద్దరం ఉండీ లేనట్టే. అందుకే గేర్‌బాక్సులో ఆయిల్ ప్రెజర్ తగ్గిందని దీపం వెలిగితే ఎంత అనుభవం ఉన్న పైలట్‌కైనా గుండె ఝల్లుమంటుంది. ఆ రోజు అదే వెలిగింది.

ఏం చేయాలో పుస్తకంలో ఉంటుంది. ఇద్దరూ ఆ పేజీ కోసం వెతికారు. తర్వాత విచారణ జరిపిన ఆర్.కె. త్యాగి కమిటీ లెక్క ప్రకారం కనీసం ఆరు నిమిషాలు. మా వేగానికి ఆరు నిమిషాలంటే 20 కిలోమీటర్ల పైమాటే. కళ్లు పుస్తకంలో ఉండగా మబ్బు దగ్గరికొచ్చేసింది. దాని లోపల గాలి మమ్మల్ని ఒక్కసారిగా కిందికి తొక్కేసింది. చివరి క్షణాల్లో కో-పైలట్ "గో అరౌండ్" అని, అంటే మళ్లీ పైకి లేపమని, అరిచారు. 9 గంటల 27 నిమిషాలకు రుద్రకొండ దగ్గర పావురాలగుట్టకు గుద్దుకున్నాం. అప్పటిదాకా మేమిద్దరం తిరుగుతూనే ఉన్నాం. ఒక్కరూ మిగల్లేదు.

చిన్న దీపం పెద్ద యంత్రాన్ని మింగడం అదే మొదలు కాదు. 1972లో ఫ్లోరిడాలో ఒక మూడింజిన్ల విమానంలో చక్రాల తాలూకు బల్బు మాడిపోయింది. కాక్‌పిట్‌లో అందరూ దాని మీదే పడ్డారు. విమానం మెల్లగా దిగిపోతున్న సంగతి ఎవరూ చూసుకోలేదు. ఇంజిన్లు మూడూ బాగానే ఉండగా బురదనేలలో కూలింది. చిన్న రెండింజిన్ల విమానాల్లో ఇంకో గండం ఉంది. లేస్తుండగా ఒక ఇంజిన్ ఆగితే, బతికున్నది విమానాన్ని ఆగినదాని వైపు తిప్పేస్తుంది. తగిన వేగం లేకపోతే చుక్కాని కూడా ఆపలేదు, తల్లకిందులే. 2015లో తైపీలో ఇంకా ఘోరం. ఒక ఇంజిన్ శక్తి పోతే, కంగారులో పైలట్ బాగున్నదాన్ని ఆపేశాడు. ఆ ఇంజిన్ ఉసురు ఎవరికి తగలాలి? ‘ఇంజిన్ లోపం’ అనీ ‘పైలట్ తప్పు’ అనీ రెండే గడులు గీసుకున్నారు మీరు. ఆ దీపం ఏ గడిలోకి వస్తుందో నాకైతే అర్థం కాలేదు.

వెతుకులాట రాత్రంతా సాగింది. సుఖోయ్‌లు ఎగిరాయి, పోలీసులు, చెంచులు అడవిలోకి నడిచారు. మర్నాడు ఉదయం వైమానిక దళం వాళ్లు మమ్మల్ని చూశారు. మనుషుల తర్వాత అందరికీ కావలసింది బ్లాక్ బాక్సే. జీవితమంతా కూర్చుని వినడం తప్ప పనిచేసి ఎరగదు అది! దానికి దొరికిన మర్యాద చూస్తే ఒళ్లు మండింది. నేను వానకు తడిసిన ఆకుల్లో పడి ఉన్నాను. నా సాక్ష్యం నా విరిగిన బ్లేడ్లలోనే ఉంది. తిరుగుతూ గుద్దుకున్న బ్లేడ్లు ఒక తీరున వంగుతాయి, ఆగిపోయి గుద్దుకున్నవి ఇంకో తీరున. విద్రోహం ఏమీ లేదని కమిటీ తేల్చింది. ఆ తర్వాత ఒక ఇనుప ముక్కతో ఎవరికేం పని?

అదే కొండల వరస దక్షిణానికి సాగి ఆళ్లగడ్డ దగ్గర అహోబిలమవుతుంది. వానాకాలంలో అక్కడి ఉగ్రస్తంభం శిఖరం మబ్బులో మునిగిపోతే యాత్రకొచ్చిన ముసలమ్మలు కూడా దారిలో ఏ చెట్టు కిందో కూర్చుని, తెరిపిచ్చాకే కదులుతారు. మా కొలువులో ఆ కూర్చోవడం లేదు. అవతల షామియానా, మైకు, ఉదయం నుంచి ఎండలో జనం. ముఖ్యమంత్రి రెండు గంటలు ఆలస్యమని వాళ్లకెవరు చెబుతారు? ఇప్పటికీ మైదానాల్లో సున్నం గీస్తూనే ఉన్నారు. నీళ్లు మాత్రం ఒక్క ట్యాంకరే.